క అంటే రెండు చుక్కలు

కంచన్‌బాగ్‌లో రోడ్డు పక్కన నిలబడి దుకాణాల బోర్డులు చూస్తే కనీసం రెండు లిపులు, చాలాచోట్ల మూడు కనిపిస్తాయి. తెలుగు ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు ఎదురొస్తుంది. పక్కన ఇంగ్లిష్. ఊరి పేరునే తీసుకుంటే తెలుగులో తలకట్టు పెట్టుకున్న 'క', ఉర్దూలో వాలుగీత కింద 'కాఫ్', ఇంగ్లిష్‌లో నిటారుగా 'కె'. ఒకే ధ్వనికి మూడు రూపులు. ఈ పేరును వేలికొనతో చదివేవాళ్లకు ఆ తేడా లేదు. బ్రెయిలీలో ఒకటో చుక్క, మూడో చుక్క కలిస్తే 'క'. అదే కాఫ్, అదే కె. హిందీ బోర్డు ఉంటే అక్కడా అవే రెండు చుక్కలు.

పాతబస్తీ అంచున ఉన్న ఈ పేట పేరు చెప్పగానే జనానికి క్షిపణులు గుర్తొస్తాయి. డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, మిధాని, బీడీఎల్ లాంటి రక్షణ సంస్థలు గుర్తొస్తాయి. చూపు లేని పుస్తకప్రియుల చరిత్రకు ఇక్కడితో ఏం సంబంధం అనిపించవచ్చు. కానీ ఇక్కడి నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే దారుల్‌షిఫాలో చూపు లేని బాలుర ప్రభుత్వ పాఠశాల ఉంది. మలక్‌పేటలో పాఠ్యపుస్తకాలు అచ్చేసే బ్రెయిలీ ప్రెస్ ఉంది. ఒకే వీధిలో మూడు భాషలు వినిపించే ఈ వైపు నగరంలో, చూపు లేకుండా పుస్తకం చదవాలనుకున్న మనిషికి ఏయే కాలంలో ఏ దారి దొరికిందో చూస్తే, తెలుగు పుస్తకం గురించి మనం సాధారణంగా పట్టించుకోని సంగతులు చాలా బయటపడతాయి.

తెలుగులో 'చదవడం' ఉంది, 'చదివించుకోవడం' ఉంది. అక్షరం రాని తల్లి కొడుకు ఉత్తరాన్ని పోస్ట్‌మ్యాన్ చేత చదివించుకునేది. చూపు లేనివాళ్లు పుస్తకాన్ని ఇంట్లోవాళ్ల చేత చదివించుకునేవారు. పద్యం వరకూ దానితో పెద్ద చిక్కు లేదు. శతకమైనా భాగవతమైనా నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి నడిచిన సాహిత్యం. హరికథ, బుర్రకథ, పురాణ కాలక్షేపం వినడానికే పుట్టాయి. పోతన పద్యం కంఠస్థం వచ్చిన మనిషికి కళ్లున్నాయా లేవా అని ఎవరూ అడగలేదు.

చిక్కు వచనంతో వచ్చింది. నవల ఒంటరిగా, నోరు మెదపకుండా, తనకు నచ్చిన వేగంతో చదువుకునే పుస్తకం. వారపత్రికల్లో సీరియళ్లు వచ్చే రోజుల్లో ఇంటికి పత్రిక రాగానే ఎవరు ముందు చదవాలా అని పోటీ ఉండేది. చూపు లేని మనిషి వంతు అందరి తర్వాతే. ఎవరికి తీరిక ఉంటే వాళ్లు చదివి వినిపించాలి. వాళ్లు తొందరగా చదివితే తొందరగా వినాలి, పేరా వదిలేస్తే వదిలేసిందని కూడా తెలియదు. చలం 'మైదానం' చదవాలని ఉన్న యువతి దాన్ని అన్నయ్య చేత ఎలా చదివించుకుంటుంది? పుస్తకం అందకపోవడం ఒక బాధ. ఏం చదువుతున్నామో ఇంటిల్లిపాదికీ తెలియడం ఇంకో బాధ. చూపున్న పాఠకులు ఈ రెండో బాధను ఊహించడం కష్టం. పుస్తకంతో ఏకాంతం వాళ్లకు పుట్టుకతో వచ్చిన హక్కులాంటిది.

ఆ ఏకాంతాన్ని మొదట ఇచ్చినవాడు ఒక తోలుపని చేసేవాడి కొడుకు. లూయీ బ్రెయిలీ 1809 జనవరి 4న ఫ్రాన్సులోని కూవ్రే గ్రామంలో పుట్టాడు. మూడేళ్ల వయసులో తండ్రి తోలుకు బెజ్జాలు వేసే ఆరెతో ఆడుకుంటూ కన్ను పొడుచుకున్నాడు. ఆ గాయం రెండో కంటికీ చేటు తెచ్చి చూపు పోయింది. పదేళ్లకు పారిస్ అంధ బాలల పాఠశాలలో చేరాడు. అక్కడున్న పుస్తకాల్లో మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చేశారు. ఒక్కో అక్షరాన్నీ తడిమి పోల్చుకునేసరికి ముందు అక్షరం మరిచిపోయేంత నిదానం. చార్లెస్ బార్బియే తయారుచేసిన 12 చుక్కల పద్ధతి ఆ బడికి వచ్చింది. బ్రెయిలీ దాన్ని సగానికి తగ్గించి, వేలికొన కింద ఒక్కసారిగా ఇమిడే 6 చుక్కల గడి చేశాడు. అప్పటికి అతనికి 15 ఏళ్లు. 1829లో దాన్ని ప్రచురించాడు. 6 చుక్కలతో 63 రూపులు వస్తాయి. ఏ భాషకైనా అవి చాలు.

చాలినంత మాత్రాన మన దేశంలో వ్యవహారం సాఫీగా సాగలేదు. 1887లో ఆనీ షార్ప్ అనే మిషనరీ అమృత్‌సర్‌లో తొలి అంధ పాఠశాల పెట్టింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని పాలయంకోటలో 1890లో ఆస్క్‌విత్ అనే ఆమె ఇంకో బడి మొదలుపెట్టింది. కలకత్తాలో లాల్ బిహారీ షా 1897లో బెంగాలీకి అనువైన బ్రెయిలీతో బడి తెరిచాడు. ఒక్కో బడి తన చుట్టుపక్కల భాషకు తగ్గట్టు చుక్కలు సర్దుకుంది. ఒక ఊళ్లో 'మ' అయిన గడి ఇంకో ఊళ్లో వేరే అక్షరం అయింది. అసలే వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని పుస్తకాలు, అవి కూడా ఒక బడి పిల్లలు చదివేవి ఇంకో బడి పిల్లలకు పనికిరావు.

ఈ చిక్కుముడి విప్పినవాళ్లలో ఇద్దరు చూపు లేనివాళ్లే కావడం గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. న్యూజిలాండ్ సైనికుడు క్లూథా మెకంజీ 1915లో గల్లిపోలి యుద్ధంలో చూపు కోల్పోయాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో డెహ్రాడూన్ వచ్చి, యుద్ధంలో కళ్లు పోయిన భారతీయ సైనికుల శిక్షణ కేంద్రాన్ని నడిపాడు. తర్వాత యునెస్కో తరఫున ప్రపంచ బ్రెయిలీ వ్యవహారం చూసుకున్నాడు. రెండోవాడు సింధ్ నుంచి వచ్చిన లాల్ అద్వానీ. 1947లో కేంద్ర విద్యాశాఖలో చేరి, ఈ దేశంలో అంధుల చదువుకు సంబంధించిన దాదాపు ప్రతి తొలి అడుగులోనూ ఉన్నాడు. 1951లో బీరూట్‌లో యునెస్కో జరిపిన సమావేశంలో దక్షిణాసియా భాషలకు ఉమ్మడి లిపి మీద ఒప్పందం కుదిరింది. అదే భారతి బ్రెయిలీ. ఆ ఏడాదే డెహ్రాడూన్‌లో దేశంలోని మొదటి కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయం తెరుచుకుంది. బ్రెయిలీ తన లిపిని ప్రచురించినప్పటి నుంచి అప్పటికి 122 ఏళ్లు.

భారతి బ్రెయిలీ సూత్రం చాలా అందమైనది. లిపి చూడకు, ధ్వని విను అంటుంది. తెలుగు 'క'కు, హిందీ 'క'కు, తమిళ 'క'కు, ఉర్దూ కాఫ్‌కు ఒకే గడి. ధ్వని కలిసినచోట ఇంగ్లిష్ గడినే ఉంచేశారు. అందుకే తెలుగు పిల్లవాడు 'మ' నేర్చుకుంటే ఇంగ్లిష్ 'ఎం', 'ల' నేర్చుకుంటే 'ఎల్' ఉచితంగా వచ్చేస్తాయి. గుణింతం మాత్రం కాగితం మీద లాగా అక్షరానికి తగులుకుని ఉండదు, హల్లు పక్కన అచ్చు విడిగా కూర్చుంటుంది. ఒత్తు కిందికి దిగదు. హల్లుకు ముందు నాలుగో చుక్క ఒక్కటీ పెడితే ఆ హల్లు పొల్లు అయినట్టు, తర్వాతి హల్లుతో కలిసినట్టు. అచ్చులో ఒకే ముద్దగా కనిపించే 'శ్రీ' ఇక్కడ నాలుగు గడులు. 'స్త్రీ' ఆరు. చూపున్నవాళ్లకు ఒక చూపులో పట్టే మాట వేలికి ఆరు అడుగుల నడక.

ఆ నడక వల్లే పుస్తకం లావెక్కుతుంది. దానికి తోడు కాగితం మందంగా ఉండాలి, లేకపోతే చుక్క నిలవదు. పుస్తకాలను ఒకదాని మీద ఒకటి పడేస్తే బరువుకు చుక్కలు అణిగిపోతాయి కాబట్టి బీరువాలో నిలబెట్టే ఉంచాలి. జేబులో పట్టే నవల బ్రెయిలీలో కొన్ని సంపుటాలవుతుంది. బడి పిల్లలకు పాఠ్యపుస్తకాలు అచ్చేసి ఇవ్వడానికే మలక్‌పేట ప్రెస్ లాంటివాటికి శక్తి సరిపోయేది. పదో తరగతి దాటాక తెలుగు బ్రెయిలీ పుస్తకం దొరకడం అరుదు. కథలు, నవలలు ఇంకా అరుదు. బడి అక్షరాలైతే ఇచ్చింది గానీ, ఆ అక్షరాలతో చదువుకోవడానికి పుస్తకాలు ఇవ్వలేకపోయింది. ఈ తరాల పుస్తకప్రియుల కష్టమంతా ఆ ఖాళీలోనే ఉంది.

పాతబస్తీ బడిలో ఉర్దూ బ్రెయిలీ సంగతి ఇంకో ముచ్చట. ఉర్దూ అచ్చు కుడి నుంచి ఎడమకు సాగుతుంది, కానీ బ్రెయిలీలో ఏ భాషైనా ఎడమ నుంచి కుడికే చదవాలి. రాయడం దీనికి తలకిందులు. ఇనుప పలకలో మందపాటి కాగితం బిగించి, స్టైలస్‌తో వెనక వైపు నుంచి గుచ్చుతారు. అందుకని కుడి నుంచి ఎడమకు, ప్రతి అక్షరాన్నీ అద్దంలో ప్రతిబింబంలా తిప్పి రాయాలి. కాగితం తీసి తిరగేస్తే అప్పుడు ఎడమ నుంచి కుడికి చదవొచ్చు. అంటే దారుల్‌షిఫాలో పలక పట్టిన తెలుగు పిల్లవాడు ఉర్దూ దిశలో రాస్తాడు, ఉర్దూ పిల్లవాడు తెలుగు దిశలో చదువుతాడు. దారుల్‌షిఫా అంటే స్వస్థత ఇచ్చే ఇల్లు. మహమ్మద్ కులీ కుతుబ్ షా కాలంలో, 1590ల్లో, వైద్యశాలగా కట్టిన చోటు అది.

ఇక కంచన్‌బాగ్. 1960ల నుంచి రక్షణ ప్రయోగశాలలు, కర్మాగారాలు ఒకదాని వెంట ఒకటి ఇక్కడ వెలిశాయి. 1970లో బీడీఎల్, 1973లో మిధాని. వాటితో పాటు కోస్తా నుంచి, రాయలసీమ నుంచి, తమిళనాడు నుంచి, ఉత్తరాది నుంచి కుటుంబాలు వచ్చి క్వార్టర్లలో స్థిరపడ్డాయి. 1982లో ఏపీజే అబ్దుల్ కలాం డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా వచ్చి, పృథ్వి, అగ్ని క్షిపణుల తయారీని ఇక్కడి నుంచే నడిపించారు. అగ్ని కోసం తయారైన తేలికైన పదార్థం గురించి ఆయన ఎన్నోచోట్ల చెప్పిన సంగతి ఒకటుంది. నిమ్స్ ఆసుపత్రిలో పోలియో పిల్లలు మూడు కిలోల పైచిలుకు బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తుంటే, ఆ పదార్థంతో 300 గ్రాముల కాలిపర్లు చేసి తొడిగించారు. పిల్లలు పరుగెత్తడం చూసి తల్లిదండ్రుల కళ్లు చెమర్చాయి. క్షిపణి తయారీకి పనికొచ్చిన విద్య నడవలేని పిల్లల కాళ్లకు పనికొచ్చిన కథ అది. చదవలేని కళ్లకు సంబంధించి అలాంటి కథ ఇంత వేగంగా జరగలేదు. దానికి కారణం తెలుగు అక్షరమే.

1971లో అమెరికాలో ఆప్టకాన్ అనే యంత్రం మార్కెట్లోకి వచ్చింది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ లిన్విల్ చూపు లేని తన కూతురి కోసం దాన్ని ఆలోచించాడు. చిన్న కెమెరాను అచ్చు మీద జరుపుతుంటే 144 సన్నని కడ్డీలు వేలి కింద వణుకుతూ అక్షర రూపాన్ని గీస్తాయి. 1976 జనవరిలో రే కర్జ్‌వెయిల్ తన పఠన యంత్రాన్ని లోకానికి చూపించాడు. పుస్తకాన్ని దాని మీద బోర్లిస్తే అది అక్షరాలు పోల్చుకుని గొంతెత్తి చదివేది. బట్టలుతికే యంత్రమంత సైజు, సామాన్యుడు కొనలేని ధర. గాయకుడు స్టీవీ వండర్ మొదట్లోనే ఒకటి కొనుక్కున్నాడు. అది ఇంగ్లిష్ చదివేది.

ఆ మరుసటి ఏడాదే, 1977లో, రాజశేఖరన్, బి.ఎల్. దీక్షితులు కలిసి అచ్చు తెలుగు అక్షరాలను కంప్యూటరు చేత గుర్తింపజేయడం మీద ఒక అంతర్జాతీయ పత్రికలో పరిశోధన పత్రం వేశారు. దీక్షితులు తర్వాతి కాలంలో హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన సంస్థకు డైరెక్టరయ్యారు. ఇంగ్లిష్ యంత్రానికీ తెలుగు ప్రయత్నానికీ మధ్య తేడా ఒక్క ఏడాది. అక్కడి నుంచి ఆ తేడా ఏళ్ల తరబడి పెరిగిపోయింది. ఇంగ్లిష్ యంత్రానికి పెద్దవీ చిన్నవీ కలిపి 52 అక్షరాలు తెలిస్తే సరిపోతుంది. తెలుగుకు హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిసి వేల రూపాలవుతాయి. ఒత్తు కొన్నిసార్లు కింద, కొన్నిసార్లు పక్కన. 'ద'కూ 'ధ'కూ మధ్య ఒక చిన్న గీత. 'ప'కూ 'వ'కూ మధ్య తలకట్టు దగ్గర ఒక సందు. సీసపు అక్షరాలు అరిగిన పాత పుస్తకంలో ఆ సందు పూడిపోతే పండితుడైనా సందర్భం చూసి ఊహించాల్సిందే.

2001లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి అతుల్ నేగి, చక్రవర్తి భాగవతి, వారితో పనిచేసిన కృష్ణ తెలుగు అక్షరాలను గుర్తించే పూర్తి వ్యవస్థను (ఓసీఆర్) ప్రకటించారు. ఆ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న తెలుగు ఓసీఆర్‌కు 'దృష్టి' అని పేరు పెట్టారు. పేరు మనసుకు తగులుతుంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో ఇంకోవైపు, రాసిన తెలుగును గొంతుతో పలికించే పని సాగింది. ఐఐటీ మద్రాస్ నేతృత్వంలో దేశంలోని పలు సంస్థలు కలిసి భారతీయ భాషల గొంతులు తయారుచేసినప్పుడు తెలుగు గొంతు బాధ్యత ఈ ట్రిపుల్ ఐటీదే.

ఈ పరిశోధనలు ఇళ్లకు చేరేలోపు రెండు తరాలు క్యాసెట్‌తో గడిపాయి. తెలుగు పుస్తకప్రియులకు టేప్‌రికార్డర్ చేసిన మేలు ఇంత అని చెప్పలేం. స్నేహితుడో అక్కో ఒకసారి కూర్చుని చదివి రికార్డు చేస్తే చాలు, ఆపైన వాళ్ల తీరిక కోసం కాచుకోనక్కర్లేదు. రాత్రి రెండింటికైనా వినొచ్చు, నచ్చిన పేజీ మళ్లీ తిప్పుకోవచ్చు. చదివించుకోవడం అక్కడ సగం చదవడంగా మారింది. పది గంటల నవలకు 90 నిమిషాల క్యాసెట్లు ఏడు కావాలి. ఏది ఎన్నోదో తెలియడానికి డబ్బా మీద బ్రెయిలీ అంకె గుచ్చిన కాగితం అంటించుకునేవారు. డిగ్రీ పుస్తకాలు క్యాసెట్ల మీదే చదివి, పరీక్ష హాల్లో స్క్రైబ్‌కు నోటితో చెప్పి రాయించి, ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు మన చుట్టూ ఉన్నారు. బ్యాంకుల్లో, కాలేజీల్లో, సచివాలయంలో వాళ్ల గొంతులు మనం వింటూనే ఉంటాం.

గొంతు పుస్తకం ఎంత దూరం తీసుకెళ్లగలదో బొల్లా శ్రీకాంత్ చరిత్ర చెబుతుంది. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన ఈ కుర్రవాడు హైదరాబాద్‌లో డాక్టర్ సాయిబాబా గౌడ్ స్థాపించిన దేవ్‌నార్ అంధుల పాఠశాలలో చదివాడు. పదో తరగతి తర్వాత సైన్స్ తీసుకుంటానంటే, పటాలు, గ్రాఫులు చూడలేడు కాబట్టి కుదరదన్నాయి అప్పటి నిబంధనలు. టీచర్ల అండతో కోర్టుకెళ్లి అనుమతి తెచ్చుకున్నాడు. పాఠ్యపుస్తకాలన్నీ ఆడియోగా మార్పించుకుని చదివి ఇంటర్‌లో 98 శాతం తెచ్చుకున్నాడు. తర్వాత ఎంఐటీలో చదువు, 2012లో బొలాంట్ ఇండస్ట్రీస్. 2006లో అప్పటి రాష్ట్రపతి కలాం విద్యార్థులను ఏమవుతారని అడిగినప్పుడు, దేశానికి చూపు లేని తొలి రాష్ట్రపతినవుతానని చెప్పింది ఈ పిల్లవాడే. అడిగిన పెద్దాయన పదేళ్లు కంచన్‌బాగ్‌లో పనిచేసి వెళ్లినవాడు.

కంప్యూటరు వచ్చాక గొంతు యంత్రంలోకి మారింది. ప్రమాదంలో చూపు పోయిన టెడ్ హెంటర్ అనే మోటార్ సైకిల్ పందెగాడు అమెరికాలో 1989లో జాస్ అనే స్క్రీన్ రీడర్ తెచ్చాడు. తెర మీద ఉన్నదాన్ని అది చదివి వినిపిస్తుంది. దాని ధర మన మధ్యతరగతి ఇంట్లో కొన్ని నెలల జీతం. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపు లేని యువకుడు ఎన్‌వీడీఏ మొదలుపెట్టి ఉచితంగా పంచాడు. అలాంటి అవకాశం కోసమే కాచుకుని ఉన్నట్టు మన పిల్లలు దాన్ని అందుకున్నారు. ఇంగ్లిష్ పుస్తకాలు, ఇంగ్లిష్ పేపర్లు, ఉద్యోగ ప్రకటనలు చెవికి అందాయి.

తెలుగు మాత్రం అందలేదు, ఎదురుగా ఉండి కూడా. కారణం ఫాంట్లు. 1990ల నుంచి తెలుగు పత్రికలు, ప్రచురణకర్తలు వాడిన ఫాంట్లలో లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. పైన మాత్రం తెలుగు బొమ్మ. చూపున్నవాళ్లకు చక్కటి తెలుగు కనిపించే చోట స్క్రీన్ రీడర్ 'బ్రాకెట్, డాలర్, క్యూ, స్టార్' అని అప్పజెప్పేది. ఇప్పటికీ డీటీపీ చేసి పీడీఎఫ్‌గా పెట్టిన తెలుగు పుస్తకాల్లో చాలావాటి లోపల ఇదే గజిబిజి. 1991లోనే యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగుకు చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చింది. 2003లో తెలుగు వికీపీడియా మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన వెన్న నాగార్జునే పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే సాధనాన్నీ తయారుచేశారు. యూనికోడ్‌లో తెలుగు రాయడమంటే చూపున్నవాళ్లకు ఒక సౌకర్యం. చూపు లేనివాళ్లకు అది పుస్తకానికీ బొమ్మకీ ఉన్న తేడా.

బొమ్మల మాట వచ్చింది కాబట్టి, భారత డిజిటల్ లైబ్రరీ పేరుతో వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేసిన పెద్ద పని గురించీ చెప్పాలి. అందులో అరుదైన పుస్తకాలున్నాయి, ఇంకెక్కడా దొరకనివి ఉన్నాయి. ఆ పని చేసినవాళ్లకు తెలుగుజాతి రుణపడి ఉంది. కానీ ప్రతి పేజీ ఒక ఫొటో. స్క్రీన్ రీడర్‌కు ఫొటో అంటే ఖాళీ గోడ. 2015లో గూగుల్ తన ఓసీఆర్‌ను తెలుగుతో సహా 200కు పైగా భాషలకు తెరిచాక ఆ గోడకు తలుపు వచ్చింది. కర్జ్‌వెయిల్ యంత్రం నుంచి అక్కడికి 39 ఏళ్లు.

చట్టం కూడా దారిలో ఒక గేటు. ఎవరి పుస్తకాన్నైనా బ్రెయిలీలోకో ఆడియోలోకో మార్చాలంటే హక్కుదారు అనుమతి కావాలన్న అడ్డు 2012 కాపీరైట్ సవరణతో తొలగింది. మరుసటి ఏడాది మొరాకోలోని మరాకేష్‌లో ఇదే విషయం మీద ప్రపంచ ఒడంబడిక కుదిరింది. 2014 జూన్‌లో దాన్ని ధ్రువీకరించిన తొలి దేశం మనదే. 2016 ఆగస్టులో 'సుగమ్య పుస్తకాలయ' అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. చట్టం మారినంత మాత్రాన తెలుగు పుస్తకం దానంతట అది టెక్స్ట్‌గా మారదు. 2016 చివర కిండిల్ ఐదు భారతీయ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు ఆ ఐదింటిలో తెలుగు లేదు. ప్రచురణకర్త దగ్గర యూనికోడ్ ప్రతి ఉంటే, ఆ ఒక్క ఫైలు అందిస్తే, ఎన్నో గంటల స్కానింగ్ శ్రమ తప్పుతుంది. ఇది కొత్తగా ఖర్చు పెట్టమని అడగడం కాదు. అచ్చుకు వెళ్లే ముందు ప్రతి ప్రచురణకర్త కంప్యూటర్లోనూ ఉండే ఫైలు గురించే.

ఇప్పుడు అంతా ఫోన్‌లోకి వచ్చింది. డీఎంఆర్‌ఎల్ చౌరస్తాలో బస్సెక్కిన మనిషి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వేలితో తెర మీద కుడికీ ఎడమకూ గీస్తుంటే పాటలు మారుస్తున్నారని పక్కవాళ్లు అనుకుంటారు. నవలలో పేరాలు మారుస్తూ ఉండొచ్చు. అలవాటైనవాళ్లు రెండింతలు, మూడింతల వేగంతో వింటారు, కొత్తవాళ్లకు అది గలగలలాగే ఉంటుంది. అక్కడే మూడు భాషల తంటా కూడా మొదలవుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు మెసేజ్ వస్తే యంత్రం దాన్ని ఇంగ్లిష్ గొంతుతో, ఇంగ్లిష్ యాసతో చదువుతుంది. 'ఎక్కడున్నావ్' అన్న మాట గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఉర్దూ షేర్ ఒకటి మధ్యలో వస్తే గొంతు మార్చాలి.

తెలుగు గొంతుకు ఇంకో లోపముంది, అది అచ్చులోనే ఉంది. 'చదువు' అనే మాటలో 'చ'ను మనం దంతాలకు ఆనించి పలుకుతాం. 'చిలక'లో 'చ' వేరు. రెంటికీ అచ్చులో అక్షరం ఒకటే. నిఘంటుకర్త బ్రౌన్ ఆ తేడా కోసం చ, జలకు గుర్తు పెట్టి చూపించాడు. యూనికోడ్‌లో ఆ అక్షరాలకు చోటు కూడా ఉంది, వాడేవాళ్లే లేరు. 'వచ్చాడు' అన్నప్పుడు మన నోట్లో పలికే అచ్చు 'ఆ' కాదు, ఇంకోటి. అక్షరం చూసి పలికే యంత్రానికి ఇది ఎలా తెలుస్తుంది? నామిని కథో, అల్లం రాజయ్య కథో యంత్రం చదివితే యాస బల్లపరుపు అవుతుంది. వినే మనిషి లోపల దాన్ని మళ్లీ సీమ మాటగా, తెలంగాణ మాటగా పలికించుకుంటూ వింటారు. అది కూడా చదవడంలో భాగమే.

చెవి ఒక్కటే సరిపోదని గట్టిగా వాదించేవాళ్లు చూపు లేని టీచర్లే. చెవితో మాత్రమే చదివిన పిల్లలకు 'శ', 'ష', 'స' మధ్య, 'ల', 'ళ' మధ్య, 'న', 'ణ' మధ్య తేడా నిలవదు. ముఖ్యంగా వేగంగా వింటే అసలు నిలవదు. వేలికి అవి ఎప్పుడూ వేర్వేరే. 'శ' మూడు చుక్కలు, 'ష' ఐదు చుక్కలు, 'స' ఇంకో మూడు చుక్కలు. పద్యంలో యతి ఎక్కడుందో, రచయిత కామా ఎక్కడ పెట్టాడో వేలికే తెలుస్తుంది. ఆ టీచర్ల మాటే నిజం. వేలితో చదవడానికి ఇప్పుడు చుక్కలు పైకి లేచి మళ్లీ అణిగే బ్రెయిలీ తెరలు వచ్చాయి. వాటిలో వేల పుస్తకాలు పడతాయి, వాటిని నిలబెట్టడానికి బీరువా అక్కర్లేదు. మంచివాటి ధర ఇప్పటికీ లక్ష పైమాటే. అందుకే ఇనుప పలక, స్టైలస్ ఇంకా బడిలో ఉన్నాయి, ఇళ్లలో ఉన్నాయి. మందు డబ్బాల మీద, మసాలా సీసాల మీద, పుస్తకాల అంచుల మీద చిన్న చిన్న చుక్కల చీటీలు కనిపిస్తాయి.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లోంచి ఒకటి కంచన్‌బాగ్‌లో ఒక బల్ల మీదికి చేరిందనుకుందాం. యాభై ఏళ్ల నాటి నవల. వెన్ను సడలి, కాగితం పసుపెక్కి ఉంది. ఎడమ చేత్తో పేజీని చదునుగా నొక్కిపట్టి, మోచేయి బల్లకు ఆనించి, ఫోన్‌ను ఒక జానెడు ఎత్తున ఆపుతారు. నీడ పడిందో, అంచు తెగిందో ఫోనే చెబుతుంది, కాస్త జరుపుతారు. రెండు పేజీలకు ఒకసారి ఫొటో, మూడు వందల పేజీల పుస్తకానికి ఒక సాయంత్రం. ఆ తర్వాత కథ మొదలవుతుంది. ఒకచోట యంత్రం 'పాడు లోపలికి వచ్చి కూర్చున్నాడు' అంటుంది. వెనక్కి వెళ్లి, వాక్యాన్ని మాటలుగా, మాటను అక్షరాలుగా విడదీసి వింటారు. 'ప', దీర్ఘం, 'డు'. 'వాడు' అయి ఉండాలి, పాత సీసపు అక్షరంలో సందు పడి 'ప' అయింది. కానీ తర్వాతి పేజీలో ఇంకో మాట సందర్భానికి ఎటూ తేలదు. 'పని'నా, 'వని'నా? అప్పుడు పుస్తకం పట్టుకుని హాల్లోకి వచ్చి, హోంవర్క్ చేసుకుంటున్న పిల్లను పిలుస్తారు. పేజీ మొత్తం చదవమని కాదు. పై నుంచి ఎనిమిదో వరుస, మూడో మాట, మొదటి అక్షరం ఏమిటో చూడమని.

"వ," అంటుంది పిల్ల.